పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహా: మరో కంపెనీ పేరుతో మన సాఫ్ట్‌వేర్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైసుమిల్లుల లెక్కల కోసం నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ తయారు చేశాను. అది విడిగా నడవదు. దేశమంతా వ్యాపారులు వాడే ఒక ప్రసిద్ధ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా పనిచేస్తుంది. కాటా చిట్టీలు, తేమ శాతం, తరుగు, హమాలీ ఖర్చు, ప్రభుత్వ ధాన్యాన్ని మరపట్టి తిరిగి ప్రభుత్వానికి అప్పగించవలసిన సీఎంఆర్ బియ్యం లెక్క, ఇవన్నీ అందులోకి చేరుతాయి. ఆ కంపెనీ పేరు ముందు పెట్టి, పక్కన 'రైస్‌మిల్' అని చేర్చి అమ్ముతున్నాను. పేరు వినగానే మిల్లర్లకు విషయం అర్థమవుతోంది. ఇది ట్రేడ్‌మార్కు ఉల్లంఘన అవుతుందని ఈమధ్య ఒక మిత్రుడు అన్నాడు. నేను వారి కోడ్‌ను కాపీ చేయలేదు. వారి సాఫ్ట్‌వేర్ కొన్నవారే నాది కొంటారు కాబట్టి వారికి లాభమే తప్ప నష్టం లేదు. అయినా తప్పవుతుందా?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: మీ మిత్రుని హెచ్చరికను తేలికగా తీసుకోకండి. మీరు చేస్తున్న వ్యాపారానికి చట్టంలో అడ్డేమీ లేదు. పెట్టిన పేరు మాత్రం నిలబడేది కాదు. అయితే పేరు మార్చినంత మాత్రాన ఆ కంపెనీ ఊసే ఎత్తకూడదని కాదు. వారి పేరును మీరు ఎక్కడ చెప్పవచ్చు, ఎక్కడ చెప్పకూడదు అన్నదే అసలు ప్రశ్న. దీని విషయంలో మన చట్టం చాలామంది అనుకునే దానికన్నా స్పష్టంగా ఉంది.

ముందుగా మీరు చెప్పిన రెండు సమర్థనలను చూద్దాం. కోడ్‌ను కాపీ చేయలేదన్నది కాపీరైటు ప్రశ్నకు జవాబు. పేరు సంగతి వేరే చట్టం చూసుకుంటుంది. అది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్న 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. ఆ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం, నమోదైన మార్కును గాని, దానిని పోలిన మార్కును గాని అదే రకమైన లేదా దగ్గరి రకమైన వస్తుసేవలకు అనుమతి లేకుండా వాడినందువల్ల జనం పొరపాటు పడే అవకాశం ఉంటే అది ఉల్లంఘనే. 'ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉంది' అని కొనుగోలుదారు తలచే అవకాశం ఉన్నా చాలు. కంపెనీకి లాభం కలుగుతోందన్న వాదన ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే చట్టం చూసేది కొనేవాని మనసులో కలిగే అభిప్రాయాన్ని. మీ ఊరి మిల్లు గుమాస్తా ఒకరు ఆ పేరును తెరమీద చూసినప్పుడు, ఆ కంపెనీయే రైసుమిల్లుల కోసం ప్రత్యేకంగా తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది అనుకోడా? క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించవలసిన లెక్కలో తేడా వస్తే, అతడు ముందుగా ఎవరికి ఫోను చేస్తాడు? ఆ కంపెనీకే. మీరు మెచ్చుకుంటున్న ఆ 'వినగానే అర్థమయ్యే' గుణమే కోర్టులో మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఇక మీకు అండగా ఉన్న భాగానికి వద్దాం. అదే చట్టంలోని 30వ సెక్షన్, రెండవ ఉపసెక్షన్‌లోని 'డి' క్లాజు సరిగ్గా మీవంటి వారి కోసమే రాసినట్టు ఉంటుంది. ఒకరి వస్తువుకు భాగంగానో, అనుబంధంగానో మీరు మీ వస్తువును తయారు చేసినప్పుడు, ఆ సంగతి తెలియజేయడానికి వారి మార్కును వాడటం ఉల్లంఘన కాదు. దీనికి రెండు షరతులున్నాయి. ఆ వాడకం సహేతుకంగా అవసరమై ఉండాలి. లేని వ్యాపార సంబంధాన్ని ఉన్నట్టు చూపడం ఆ వాడకపు ఉద్దేశం గాని, ఫలితం గాని కాకూడదు. రెండవ షరతులో 'ఫలితం' అన్న మాటను జాగ్రత్తగా చదవండి. మీ మనసులో మోసం లేకపోయినా, చూసేవారికి సంబంధం ఉన్నట్టు కనిపిస్తే ఈ రక్షణ అందదు.

ఈ క్లాజు ఆచరణలో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌తో ఏ సంబంధమూ లేని ఒక తీర్పు చక్కగా ఉపయోగపడుతుంది. ప్రెషర్ కుక్కర్ల గ్యాస్కెట్లు తయారు చేసే ఒక సంస్థ తన ప్యాకెట్ల మీద 'హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లకు తగినది' అన్న అర్థంలో ముద్రించుకుంది. తన గ్యాస్కెట్‌కు ఆ సంస్థ సొంత పేరు కూడా పెట్టుకుంది. ఏకసభ్య న్యాయమూర్తి ఆ సంస్థ పక్షాన తీర్పు చెప్పినా, 2008లో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం దానిని తిరగవేసి హాకిన్స్ కంపెనీ పక్షాన నిలిచింది. కారణాలు రెండు. ఆ గ్యాస్కెట్లు ఇతర కుక్కర్లకు కూడా సరిపోతాయి కాబట్టి ఒక్క హాకిన్స్ పేరే చెప్పవలసిన అవసరం లేదు. మిగతా మాటలు నల్లని అక్షరాల్లో ఉండగా 'హాకిన్స్' అన్న మాట ఒక్కటీ ఎర్రగా, కొట్టొచ్చినట్టు ఉంది. మొదటి కారణం విషయంలో మీ స్థితి ఆ గ్యాస్కెట్ల సంస్థ కంటే మెరుగ్గా ఉంది, ఎందుకంటే మీ అనుబంధం ఆ ఒక్క అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది. ఆ సంగతి చెప్పకపోతే కొనేవాడే నష్టపోతాడు. రెండవ కారణం విషయంలో మాత్రం మీ స్థితి వారికన్నా బలహీనం. వారు కనీసం వర్ణన వాక్యంలో వాడారు, మీరు ఏకంగా పేరులోనే పెట్టుకున్నారు.

కాబట్టి నా సలహా ఇది. మీ సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా మీదైన పేరు ఒకటి పెట్టండి. ఉదాహరణకు 'ధాన్యలెక్క' అనుకుందాం (నమోదు వివరాల్లో వెదికి, ఎవరికీ లేదని తేలాకే ఏ పేరైనా ఖాయం చేసుకోవాలి). దాని కింద చిన్న అక్షరాల్లో, 'ఫలానా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే రైసుమిల్లు అనుబంధం' అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యంలో కంపెనీ పేరు మిగతా మాటల రంగులోనే, అంతే పరిమాణంలో ఉండాలి. వారి లోగోను, వారి ప్రత్యేక అక్షర శైలిని, వారి రంగులను ముట్టుకోకండి. పేరు చెప్పవలసిన అవసరం మీకు ఉందని నిరూపించగలరు గాని, లోగో వాడవలసిన అవసరం ఉందని ఏ కోర్టునూ ఒప్పించలేరు. 'ఆ ట్రేడ్‌మార్కు ఫలానా కంపెనీది, మా సంస్థకు వారితో ఏ సంబంధమూ లేదు' అన్న ప్రకటనను ఎవరూ చదవని చివరి పేజీలో కాకుండా, కొనేముందు కనిపించే చోట ఉంచండి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ ప్రకటన మంచి పేరుకు తోడుగా పనికొస్తుంది, చెడ్డ పేరును కాపాడలేదు. ముందు వారి పేరుతో పిలిపించుకుని కింద 'మాకు సంబంధం లేదు' అని రాసుకుంటే న్యాయమూర్తి నమ్మరు.

పెద్ద కంపెనీలు తామే ప్రకటించుకున్న నియమాలు కూడా ఈ గీత వెంటే నడుస్తాయి. గూగుల్ తన ఆండ్రాయిడ్ పేరు గురించి చెప్పిన నియమంలో 'ఆండ్రాయిడ్ మీడియా ప్లేయర్' అనకూడదు, 'మీడియా ప్లేయర్ ఫర్ ఆండ్రాయిడ్' అనవచ్చు. రెంటిలోనూ అవే మాటలున్నా, మొదటిదానిలో ఆండ్రాయిడ్ పేరులో భాగమైంది, రెండవదానిలో పనిచేసే చోటును మాత్రం చెప్పింది. మీరు అనుబంధం తయారు చేసిన కంపెనీకి కూడా ఇటువంటి నియమాలు ఉండవచ్చు. డెవలపర్‌గా లేదా భాగస్వామిగా మీరు ఏదైనా ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే అందులో పేరు గురించిన షరతును ముందు చదవండి. చట్టం ఇచ్చే సౌకర్యాన్ని కూడా ఒప్పందంలో మీరే వదులుకుని ఉండవచ్చు. అనుమతి ఇచ్చారంటే అది రాతపూర్వకంగా ఉండాలి. కంపెనీ ప్రతినిధి మీ ఊరికి వచ్చినప్పుడు 'బాగుంది, కానీయండి' అన్న మాట లెక్కలోకి రాదు.

పేరులోనే ఉంచుకుంటూ తప్పించుకోవాలని చాలామంది చేసే ప్రయత్నాలు ఫలించవు. ఒక మాట చేర్చితే చాలుననుకుంటారు. 'యాహూ' పేరుకు 'ఇండియా' చేర్చి వెబ్‌సైటు నడిపినవారిని 1999లోనే ఢిల్లీ హైకోర్టు నిలువరించింది. పేరును కుదిస్తే చాలుననుకుంటారు. అమెరికాలో ఏఓఎల్ సంస్థ ఇన్‌స్టంట్ మెసెంజర్‌తో పనిచేసేలా కొందరు ఔత్సాహికులు ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసి దానికి మొదట ఆ సంస్థ పేరే పెట్టారు. అభ్యంతరం రాగానే దానిని 'గెయిమ్' అని కుదించారు. తరువాత తన మెసెంజర్‌కున్న 'ఎయిమ్' అన్న పొట్టిపేరు మీద కూడా ఏఓఎల్ హక్కు చెప్పింది. ఆ వివాదం తేలేదాకా కొత్త వెర్షన్ విడుదల ఆగిపోయి, చివరకు 2007లో వారు 'పిడ్జిన్' అనే కొత్త పేరు పెట్టుకోవలసి వచ్చింది. తెలుగు లిపిలో రాస్తే వర్తించదనుకునేవారూ ఉన్నారు. నమోదైన మార్కులో మాటలు ఉంటే వాటిని నోటితో పలకడం ద్వారా కూడా ఉల్లంఘన జరుగుతుందని 29వ సెక్షన్‌లోని తొమ్మిదవ ఉపసెక్షన్ చెబుతోంది. చెవికి ఒకటే అయినప్పుడు లిపి మారిస్తే లాభమేమిటి?

చట్టాన్ని పక్కన పెట్టినా, మీ శ్రేయస్సు కోరి చెప్పవలసిన మాట మరొకటి ఉంది. ఇతరుల పేరు మీద పెరిగిన మంచిపేరు మీకు దక్కదు. ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రం కోసం పుట్టిన 'ఎక్స్‌బీఎంసీ' అనే మీడియా సాఫ్ట్‌వేర్ కాలక్రమంలో ఆ యంత్రాన్నే వదిలేసి అన్ని రకాల పరికరాల మీదికీ విస్తరించింది. పేరు మాత్రం పాత యంత్రానిదే. ఆ పేరు మీద తమకు చట్టపరమైన పట్టు లేకపోవడం దాని నిర్మాతలకు ఇబ్బంది అయింది, 2014లో 'కోడి' అని మార్చుకున్నారు. రేపు హుజూర్‌నగర్‌లోనో, సూర్యాపేటలోనో మరొకరు మీ సాఫ్ట్‌వేర్‌ను చూసి, మీరు పెట్టిన పేరే పెట్టి అమ్మితే, మీరు ఏ హక్కుతో ఆపుతారు? ఆ పేరులో మీది ఏమీ లేదు. మిల్లు మిల్లుకూ తిరిగి, సీజన్‌లో రాత్రిళ్లు కూర్చుని సరిచేసిన పనికి దక్కవలసిన గుర్తింపు అలా పోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మార్చేటప్పుడు ఒక సాంకేతిక జాగ్రత్త అవసరం. మొబైల్ యాప్ కూడా ఉంటే, ప్లే స్టోర్‌లో కనిపించే పేరును ఎప్పుడైనా మార్చవచ్చు గాని, లోపల ఉండే ప్యాకేజీ నేమ్‌ను (యాప్‌ను స్టోర్ గుర్తించే అంతర్గత పేరును) ఒకసారి ప్రచురించాక మార్చలేరు. అందులో కంపెనీ పేరు ఉంటే కొత్త యాప్‌గా మళ్లీ పెట్టవలసిందే; పాత డౌన్‌లోడ్‌లు, రేటింగులు కొత్తదానికి రావు. వెబ్‌సైటు చిరునామా, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, దుకాణం బోర్డు కూడా చూసుకోండి. నమోదైన మార్కును అదే రకం వ్యాపార సంస్థ పేరులో భాగం చేసుకోవడాన్ని 29వ సెక్షన్‌లోని ఐదవ ఉపసెక్షన్ విడిగా ఉల్లంఘనగా పేర్కొంది. వానాకాలం కొనుగోళ్లు మొదలయ్యేలోగా ఈ మార్పు పూర్తిచేస్తే మీ మిల్లర్లకు కూడా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: నేను జడ్చర్లలో ఉంటాను. ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని బిల్లులను దుకాణదారులు ఫోనులో చూసుకునే యాప్‌ను దాని పేరు కలిసేలా నడుపుతున్నాను. ఆ కంపెనీ లాయరు నోటీసు పంపారు. పదిహేను రోజుల్లో పేరు ఆపాలని, వెబ్‌సైటు చిరునామాను, యాప్ సోర్సు కోడ్‌ను (యాప్ కోసం రాసిన మూల ప్రోగ్రామును) అప్పగించాలని, పది లక్షల నష్టపరిహారం ఇవ్వాలని అడిగారు. జవాబు ఇవ్వకుండా ఉండవచ్చునా? కేసు వేస్తే మహబూబ్‌నగర్‌లోనే వేస్తారా?
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: మౌనం వద్దు. గడువులోగా న్యాయవాది ద్వారా జవాబు పంపండి. నోటీసులో అడిగినవన్నీ ఒకే బరువున్నవి కావు, వాటిని విడదీసి చూడాలి.

పేరు ఆపమన్న కోరికకు, మీరు చెప్పిన వివరాలను బట్టి, బలం ఉంది. దానిని వెంటనే ఆపండి. ట్రేడ్‌మార్కుల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, మార్కు నమోదైనదని తెలియకుండా, తెలుసుకునేందుకు సహేతుకమైన కారణమూ లేకుండా వాడినవారు, తెలిసిన వెంటనే మానేస్తే, నామమాత్రపు పరిహారానికి మించి కోర్టు విధించకూడదు. పేరున్న కంపెనీ విషయంలో 'నాకు తెలియదు' అనడం కష్టమే అయినా, నోటీసు అందాక కూడా కొనసాగించినవారికి ఆ కాస్త అవకాశమూ ఉండదు. అదే సెక్షన్ కింద మీ వాదన వినకముందే తాత్కాలిక నిషేధపుటుత్తర్వు ఇచ్చే అధికారం కూడా కోర్టుకు ఉంది.

వెబ్‌సైటు చిరునామా వారి మార్కుతోనే ఉంటే దానిని పట్టుకుని వేలాడవద్దు. చిరునామాలకు కూడా ట్రేడ్‌మార్కుతో సమానమైన రక్షణ ఉంటుందని సిఫీ అనే ఇంటర్నెట్ సంస్థ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు తేల్చింది. డాట్ ఇన్ చిరునామా అయితే కోర్టుకు వెళ్లకుండానే ఇన్‌డీఆర్‌పీ అనే మధ్యవర్తి విధానం ద్వారా ఆ కంపెనీ దానిని తీసుకోవచ్చు. పాత చిరునామాకు వచ్చేవారిని కొత్తదానికి మళ్లించడం కూడా వాడకమే అవుతుంది కనుక, కొద్ది వారాల పాటు 'పేరు మారింది' అన్న సమాచారం ఉంచేందుకు వారి సమ్మతిని జవాబులోనే అడగండి. చాలా కంపెనీలు ఇస్తాయి.

సోర్సు కోడ్ అప్పగించమనడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ట్రేడ్‌మార్కు హక్కు పేరుకు సంబంధించినది. మీరు స్వయంగా రాసిన కోడ్ మీద 1957 నాటి కాపీరైటు చట్టం కింద హక్కు మీదే. పేరు తప్పైనంత మాత్రాన ఆ హక్కు వారికి బదిలీ కాదు. నోటీసుతో పాటు సంతకం కోసం పంపే హామీపత్రంలో ఇటువంటి వాక్యాలు ఒదిగి ఉంటాయి. భయంతో సంతకం చేయకండి. పేరు గురించిన హామీ ఇచ్చి, కోడ్ గురించిన వాక్యాన్ని కొట్టివేయమని కోరండి. పది లక్షల సంఖ్య కూడా బేరానికి వేసినదే. నష్టమో, మీకు వచ్చిన లాభమో రుజువైనదాన్ని బట్టే కోర్టు నిర్ణయిస్తుంది.

కేసు ఎక్కడ అన్నదానికి జవాబు మీకు నచ్చకపోవచ్చు. 134వ సెక్షన్ ప్రకారం దావా వేసే కంపెనీ తాను వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులో కూడా వేయవచ్చు. తమ ప్రధాన కార్యాలయం ఉన్నచోటే వాద కారణమూ (దావాకు దారితీసిన సంఘటనా) ఏర్పడినప్పుడు, ఎక్కడో ఉన్న శాఖ పేరు చెప్పి ప్రతివాదిని అక్కడికి లాగరాదని 2015లో సుప్రీంకోర్టు పరిమితి పెట్టింది. అది మీకు వర్తించకపోతే మీరు వారి నగరానికి తిరగవలసి రావచ్చు. పాలమూరు నుంచి బెంగళూరు, ముంబయి వాయిదాలకు తిరిగే ఖర్చు ఒక చిన్న యాప్ సంపాదించే దానికన్నా ఎక్కువవుతుంది. పేరును ఇప్పుడే వదులుకోమనడానికి ఇది కూడా ఒక కారణం. అలాగని ప్రతి నోటీసూ న్యాయమైనదని అర్థం చేసుకోవద్దు. మీరు వర్ణన వాక్యంలో మాత్రమే వారి పేరు చెప్పి ఉంటే, ఆధారం లేని బెదిరింపుల మీద 142వ సెక్షన్ కింద మీరే దావా వేయవచ్చు. అయితే ఆ కంపెనీ వెనువెంటనే ఉల్లంఘన దావా వేసి నడిపితే ఆ దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: భూమి రికార్డులు ఎలా చూసుకోవాలో రైతులకు వివరించే యాప్ చేస్తున్నాను. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ 'భూభారతి' పేరు అందులో ఉంటేనే జనానికి తెలుస్తుంది. అది కంపెనీ కాదు, ప్రభుత్వానిది కదా, వాడవచ్చునా?
(ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్)

జవాబు: ప్రభుత్వానిది కాబట్టే మరింత జాగ్రత్త అవసరం. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నివారణ చట్టం, కేంద్ర ప్రభుత్వం లేదా రాష్ట్ర ప్రభుత్వం ఆదరణ ఉన్నట్టు తోపించే పేరును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడటాన్ని నిషేధిస్తుంది. ప్రభుత్వ సమాచారం ఇచ్చే ప్రైవేటు యాప్ తనకు ప్రభుత్వంతో సంబంధం లేదని చెప్పి, సమాచారం ఎక్కడిదో చూపాలని ప్లే స్టోర్ విధానం కూడా కోరుతుంది.

మీ ఉద్దేశం మంచిదే. 2020 అక్టోబరులో ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి రావడంతో పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య ఇప్పటికీ తికమకపడే రైతులు ఎందరో ఉన్నారు. అచ్చంపేట దగ్గరి రైతు ఒకరు మీ యాప్‌ను ప్రభుత్వ పోర్టలే అనుకుని పట్టాదారు పాసుపుస్తకం నంబరు, ఆధార్ నంబరు అందులో నమోదు చేస్తే, ఆ బాధ్యత ఎంత పెద్దదో ఆలోచించండి. సొంత పేరు పెట్టి, 'భూభారతి పోర్టల్ వాడకంపై మార్గదర్శి, ప్రభుత్వ యాప్ కాదు' అని మొదటి తెరమీదనే తెలుగులో పెద్దగా రాయండి. రాష్ట్ర చిహ్నాన్ని వాడకండి. సేవకు డబ్బు తీసుకుంటే, ఆ రుసుము మీకు చెందుతుందని, ప్రభుత్వానికి కాదని చెల్లింపు చోటనే చెప్పండి.

ప్రశ్న: సొంత పేరు ఎంచుకున్నాను. దానిని నమోదు చేసుకోవడానికి హైదరాబాద్ వెళ్లాలా? ఖర్చెంత?
(ఒక పాఠకుడు, వనపర్తి)

జవాబు: వెళ్లనక్కర లేదు. తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి, వాటిని ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి రూ. 4,500, ఇతరులకు రూ. 9,000. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9వ తరగతిలోకి, ఇంటర్నెట్ ద్వారా సేవగా అందించేది 42వ తరగతిలోకి వస్తుంది. దాఖలుకు ముందు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెదికి చూడండి. అక్షరాలు కలిసినవే కాక, ఉచ్చారణ కలిసేవి కూడా చూడాలి. రిజిస్ట్రీ వెలువరించే ట్రేడ్‌మార్కుల పత్రికలో ప్రకటించాక నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. దరఖాస్తు పెట్టిననాటి నుంచే పేరు పక్కన 'టీఎం' అని రాసుకోవచ్చు గాని, వలయంలో 'ఆర్' గుర్తును నమోదు పత్రం చేతికి వచ్చేదాకా వాడకండి. నమోదు కానిదానిని నమోదైనట్టు చూపడానికి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 107వ సెక్షన్ కింద ఒకప్పుడు మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉండేది; 2024 ఆగస్టు నుంచి దాని స్థానంలో భారీ జరిమానా వచ్చింది.